మా బోరు నీళ్ల పరీక్ష

తొమ్మిదో తరగతిలో మా జీవశాస్త్రం సార్‌కు పుస్తకం కన్నా పొలం మీద నమ్మకం ఎక్కువ. వ్యవసాయం, పర్యావరణం పాఠాలు వచ్చేసరికి చదివించడం పక్కనపెట్టి, "మీ మీ బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకురండి, మనమే పరీక్ష చేద్దాం" అన్నారు. మాది సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ నడుమ ఊరు. మా పొలం పక్క వాగులో కంపెనీలు వదిలే మురుగునీళ్లు కలిసేవి. ఎండాకాలం వస్తే మా కాలువ గట్ల మీద తెల్లటి పొర కట్టేది. అదేమిటని ఊళ్లో ఎవరూ గట్టిగా అడిగేవాళ్లు కాదు. చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు ఆ కంపెనీలకే డ్యూటీకి పోయేవాళ్లు మరి.

పరీక్ష సులువైనదే. పళ్లెంలో తడిగుడ్డ పరిచి ఇరవై పెసర గింజలు వేయాలి. ఎవరి పళ్లెంలో వాళ్లు తమ బోరు నీళ్లే చల్లాలి. ఐదో రోజు మొలకలు లెక్కపెట్టి, ఏ బోరు ఎట్లా ఉందో పెద్ద చార్టు మీద రాసి బడి వరండాలో అంటించాలి.

ఇంట్లో ఈ సంగతి చెబితే అన్నం తింటున్న మా నాయిన చెయ్యి ఆపి విన్నాడు. అంతకుముందు పంటలో మా పాలకూర ఆకుల అంచులు మాడిపోయాయి. నాయిన తమ్ముడు, మా చిన్నాయన, అప్పటికే సాగు మానేసి, తన పొలం పడావు పెట్టి కంపెనీలో చేరాడు. నాయిననూ రమ్మని పోరుతున్నాడు. నాయినకు మనసొప్పడం లేదు. మర్నాడు పొద్దున బోరు దగ్గర సీసా ఆయనే కడిగాడు, ఆయనే నింపి మూత బిగించి నా చేతికిచ్చాడు.

"మంచిగ సూసి చెప్పు బిడ్డా. నీళ్లు మంచిగుంటే ఇంకోసారి ఏస్త. లేకుంటే ఇగ మీ చిన్నాయన ఎంబడి పోవుడే."

రెండు రోజులకే అందరి పళ్లాల్లో గింజలు పగిలి తెల్లటి మొలకలు తొంగిచూశాయి. నా పళ్లెంలో పగిలినవి నాలుగంటే నాలుగు. వాటి వేర్ల కొసలు కూడా నల్లబడ్డాయి.

చార్టు మీద మా బోరు ఎదురుగా 'పనికిరావు' అని రాస్తే మా కూరగాయలు ఇక ఎవరు కొంటారని భయం వేసింది. అదొక్కటే అయితే ఈ రోజు ఇంత బాధపడేదాన్ని కాదేమో. అన్నింట్లో ముందుండే పిల్లను నేను. నా పళ్లెం అందరికన్నా వెనకబడటం నాకు నచ్చలేదు. ఈ రెండో కారణాన్ని చాలా ఏళ్లు నాలో నేను కూడా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు ఆ గింజలు చెట్ల మొదట్లో పారబోసి, కొత్తవి వేసి, సీసాను బడి నల్లా కింద నింపుకొచ్చాను.

ఐదో రోజు పంతొమ్మిది మొలిచాయి. వాగు పక్కనున్నా ఈ బోరుకు ఏమీ కాలేదని సార్ సంబరపడ్డారు. అందరికీ ఇచ్చినట్టే నాకూ ఫలితం రాసి బడి ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. నాయిన దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. తర్వాత పొలం పాసుబుక్కు పెట్టే ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచాడు.

ఆ కాగితం చూసుకునే మళ్లీ పాలకూర వేశాడు. ఆకులు మాడాయి. విత్తనం మంచిది కాదేమోనని మార్చాడు. ఎరువు చాలలేదేమోనని పెంట తోలించాడు. ఎండ తగులుతోందేమోనని అమ్మ పాత చీరలు పందిరిగా కట్టాడు. ఇంత చేసినా ఆకులు మాడుతూనే ఉన్నాయి. ఆయన ఎన్ని రకాలుగా ఆలోచించినా నీళ్ల మీద మాత్రం అనుమానపడలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెలలు గడిపాను.

ఒక సాయంత్రం చిన్నాయన డ్యూటీ దిగి నేరుగా పొలానికి వచ్చాడు. నాయినా నేనూ మాడిన మొక్కలు పీకి గట్టు మీద వేస్తున్నాం.

"నీళ్లే ఖరాబయినయ్ అన్నా. ఇంకెన్నిసార్లు ఏస్తవ్?" అన్నాడు చిన్నాయన.

"నీళ్లకేం కాలే. బిడ్డ బడిల పరీక్ష జేసిండ్రు, కాయితం గూడ ఇచ్చిండ్రు." నాయిన తలెత్తకుండానే అన్నాడు. "నాకే చేతనైతలేదు. మన నాయిన చేతుల ఉన్నది నా చేతుల లేదు. నాకు ఎవుసం రాదు తమ్మీ."

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మట్టిలోనే ఉన్న మనిషి నోట ఆ మాట వినడం నా వల్ల కాలేదు.

"నాయినా, పరీక్షల పోసినయి మన నీళ్లు కావు. నేనే మార్చిన. అవి బడి నల్లా నీళ్లు."

ఆయన అప్పుడు తలెత్తాడు.

"మరి మన నీళ్లకు ఏమైంది?"

"నాలుగే మొలిచినయ్. వాటి యేర్లు గూడ నల్లబడ్డయ్."

కొడతాడనుకున్నాను. చిన్నాయన కూడా అదే అనుకున్నాడేమో, మా ఇద్దరి మధ్యకు జరిగాడు. నాయిన మాత్రం చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"రేపు బడికి పోయి సార్‌కు జెప్పు. గా చార్టు సూసి పక్క పొలాలోళ్లు గూడ పంటలేసుకుంటరు" అని, చిన్నాయన వైపు తిరిగాడు.

"అయితే నాకు ఎవుసం వస్తది తమ్మీ."

ఆ గొంతులో సంతోషం ఉంది. అది విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఆ తర్వాతి సోమవారం నాయిన బోరు బంద్ చేసి, చిన్నాయన వెంట కంపెనీ గేటు ముందు పనికోసం వరుసలో నిలబడ్డాడు.