పైకప్పు మీది సాయంత్రం

పోయిన నెల హైదరాబాదులో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర, పక్క కుర్చీలోని పెద్దమనిషి నా కథ నాకే చెప్పాడు. ఆయన కూడా ఒకప్పుడు ఒమాన్‌లో, రుసైల్ ఫ్యాక్టరీల్లో పనిచేశాడట.

"అక్కడ ఒక కడప భాయ్ ఉండేవాడండీ. కంపెనీ వాళ్ళు అమెరికా పంపిస్తే, ఆ జూదం ఊళ్ళో హోటల్ పైకప్పుకి వేసిన బొమ్మ ఆకాశం చూసి, పొద్దుగూకిందనుకుని రంజాన్ రోజా విడిచేశాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "భాయ్ ఆ ఆకాశం చూసి మోసపోలేదండీ. నేను చెప్తే నమ్మారు," అన్నాను. జరిగింది నాలుగు మాటల్లో చెప్పాను కూడా. పెద్దమనిషి అంతా విని, "మొదటిదే బాగుందండీ," అని పెరుగు వేయించుకున్నాడు.

ఆ మొదటిది అల్లింది నేనే. భాయ్ ఇప్పుడు లేరు. కథ మాత్రం ఊళ్ళు తిరుగుతోంది. అందుకని రెండోది రాసి పెడుతున్నాను.

తొంభైల్లో నేను రుసైల్‌లోని ఒక పాలరాయి ఫ్యాక్టరీ సేల్స్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మాది కృష్ణా జిల్లా. అక్కడి పనివాళ్ళలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు. వాళ్ళకు వాళ్ళ రూములు, వాళ్ళ వంటలు, వాళ్ళ మాటలు ఉండేవి. టై కట్టుకుని తిరిగే నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు, పిలిచేవారూ కాదు. భాయ్ రాయికోత సెక్షన్‌కి ఇన్‌ఛార్జి. యాభై దాటిన మనిషి. ఇంట్లో ఉర్దూ, నాతో మాత్రం కడప తెలుగు. చేరిన కొత్తలో నన్ను భోజనానికి పిలిచింది ఆయనొక్కరే.

రంజాన్ నెలలో సాయంత్రాలు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పొడుగ్గా ప్లాస్టిక్ షీటు పరిచేవారు. తల దగ్గర భాయ్ కూర్చునేవారు. మసీదు నుంచి అజాన్ వినబడినా సరే, ఆయన ఒకసారి పడమటి కొండల వైపు చూసి ఖర్జూరం అందుకున్నాకే మిగతా చేతులు కదిలేవి. అలా చేయాలని ఎవరూ చెప్పలేదు. రోజా లేని మేము కూడా ఆ చెయ్యి కదిలేదాకా ఆగేవాళ్ళం.

ఒక రంజాన్‌లో ఓనరు మా ఇద్దరినీ లాస్ వేగాస్‌లో జరిగే రాతి మెషీన్ల ఎగ్జిబిషన్‌కి పంపించాడు. మెషీను చూడ్డానికి భాయ్, ఇంగ్లీషు మాట్లాడ్డానికి నేను. నాకు అదే మొదటి బిజినెస్ ట్రిప్పు. మస్కట్ రువీ బజారులో కొత్త సూటు కుట్టించుకున్నాను. భాయ్ సూట్‌కేసు నిండా ఖర్జూరాలు, అటుకులు, ఒక స్టీలు గ్లాసు తెచ్చుకున్నారు.

ప్రయాణంలో ఉన్నవాళ్ళకు ఉపవాసం తప్పనిసరి కాదని నాక్కూడా తెలుసు. ఆ మాటే అన్నాను.

"తెలుసులేబ్బా. ఈడ అంతా వాళ్ళ ఇష్టమే కదా. ఇదొకటన్నా నా ఇష్టప్రకారం జరగనీ," అన్నారు.

ఆ హోటల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మోకాళ్ళ ఎత్తు పూలకుండీలు, రాతి దేవతలు, కాలు పెడితే మెత్తగా దిగిపోయే తివాచీలు. లిఫ్టు దిగితే జూదం మెషీన్లు. టిఫినుకు పోవాలన్నా, ఎగ్జిబిషన్ హాలుకు పోవాలన్నా వాటి మధ్యనుంచే దారి. ఎక్కడా గడియారం లేదు, కిటికీ లేదు. షాపులున్న వరండాకి మాత్రం పైకప్పంతా ఆకాశం వేశారు, తెల్ల మబ్బులతో సహా. లోపలి దీపాలు మార్చి దాన్నే పొద్దున చేసేవారు, సాయంత్రం చేసేవారు. భాయ్ మెడ వెనక్కి వంచి చాలాసేపు చూశారు.

"బాగానే ఏసినారు. మబ్బులే, పాపం, యాడికీ పోలేకుండా ఉండాయి," అన్నారు.

అంటే అది బొమ్మ అని ఆయనకు మొదటిరోజు పొద్దునే తెలుసు.

ఆ సాయంత్రం హాలు మూసేవేళకు ఆయన కాళ్ళు వాచిపోయాయి. ఆ వరండాలో ఒక బల్ల మీద కూలబడి, జేబులోంచి ఖర్జూరాల పొట్లం తీసి పక్కన పెట్టుకున్నారు.

"నువ్వు బయటికి పోయి పొద్దు పూర్తిగా పోయిందేమో చూసి రాపో. నీ కంటితో చూడల్ల."

నేను బయల్దేరాను. నిజంగా బయటికే బయల్దేరాను. కానీ ఆ లోపల తలుపు దొరకదు. ఎటు నడిచినా మెషీన్ల దగ్గరికే వస్తాం. ఒకచోట ఒక ముసలామె గెలిచింది. నాణేలు గలగలా రాలుతున్నాయి, చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నేనూ నిలబడ్డాను. తర్వాత ఒక ప్లాస్టిక్ కప్పు నిండా నాణేలు మార్చుకుని కూర్చున్నాను. కప్పు ఖాళీ అయ్యాక భాయ్ గుర్తొచ్చారు. గాభరా పుట్టింది. ఇంతసేపైంది కదా, పోయే ఉంటుందిలే అనుకున్నాను. వెనక్కి పరిగెత్తాను.

"అయిపోయింది భాయ్," అన్నాను.

ఆయన చేతి గడియారం చూసుకున్నారు. ఒమాన్‌కీ ఆ ఊరికీ ఆ రోజుల్లో సరిగ్గా పన్నెండు గంటల తేడా, ముల్లు తిప్పే పని లేదు. "ఇంత బిరీనా?" అన్నారు.

"ఇక్కడ చలికాలం కదా భాయ్, తొందరగా పోతుంది."

ఆయన కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. స్టీలు గ్లాసులో నీళ్ళు తాగారు. నాకూ ఒక ఖర్జూరం ఇవ్వబోయి, నా చేతివైపు చూసి, "చేతులు కడుక్కోని తినుపో," అన్నారు. నాణేల మసికి నా వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు.

కాస్త గాలి పీల్చుకుందామని ఒక గార్డును దారి అడిగి బయటికి వచ్చాం. ఎదుటి హోటల్ అద్దాల నిండా ఎండ. సూర్యుడు ఇంకా కొండల పైన, స్పష్టంగా, గుండ్రంగా ఉన్నాడు.

భాయ్ కోప్పడలేదు. గ్లాసు సంచిలో పెట్టేశారు. పేవ్‌మెంట్ మీద నిలబడ్డారు. నేనూ పక్కనే నిలబడ్డాను. రంగు దీపాలు అప్పటికే వెలుగుతున్నాయి. మాకు అటూ ఇటూ జనం నవ్వుకుంటూ పోతున్నారు. పొద్దు మెల్లగా దిగి, అంచు మిగిలి, అదీ పోయేదాకా ఆయన మళ్ళీ నీళ్ళు ముట్టుకోలేదు.

"చూస్తివా? పొద్దు పోవడమంటే ఇట్ల ఉంటాది," అన్నారు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, మెత్తగా.

తిరిగొచ్చాక రుసైల్‌లో అందరూ నా చుట్టూ చేరారు. మొట్టమొదటిసారి. జూదం ఊరెట్లా ఉంటుందో చెప్పమన్నారు. బొమ్మ ఆకాశం సంగతి చెప్పాను, నవ్వారు. ఆ నవ్వు ఇంకాస్త కావాలనిపించి, ఆ ఆకాశం కింద భాయ్‌ని కూర్చోబెట్టాను. ఆయన తల ఎత్తి చూసి మోసపోయారన్నాను. పడీపడీ నవ్వారు. ఆ రాత్రి కరీంనగర్ వాళ్ళ రూములో నాకు కోడికూర పెట్టారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పిలిచారు.

పండగ వెళ్ళాక ఒకరోజు క్యాంటీన్‌లో అందరూ తింటుంటే భాయ్ ఒక్కరే ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నారు. ఆ ఉపవాసం ఏ రోజుకు బదులో నాకు తెలుసు. చెప్పలేదు.

మరుసటి రంజాన్‌లో షెడ్డులో షీటు పరిచారు. భాయ్ ఎప్పటిలాగే కొండల వైపు చూశారు. అంతలో ఎవడో అననే అన్నాడు.

"ఏం భాయ్ సాబ్, పొద్దు గూకిందా, లేకుంటే బల్బు బంద్ జేసిండ్రా?"

ఆయన కూడా నవ్వారు. మర్నాడు షీటు చివర కూర్చున్నారు. తల దగ్గర ఒక రేడియో పెట్టారు. ఆ తర్వాత ఎవరూ ఆయన చెయ్యి కోసం ఆగలేదు.

ఆయన ఇంటికి వెళ్ళిపోయే ముందు, చివరి రంజాన్‌లో, ఒక ఇంటి మెట్లకు కొలతలు తీసుకోవడానికి ఇద్దరం లోపలి కొండల్లోని బహ్లా ఊరికి వెళ్ళాం. పికప్ నేను నడిపాను. పని ముగించుకుని తిరిగొస్తుంటే రేడియోలో అజాన్ వచ్చింది. భాయ్ దాన్ని కట్టేశారు.

"అది మస్కట్ పొద్దు. ఈడ ఇంకా రెండు మూడు నిమిషాలు ఉండాది."

బండి పక్కకు ఆపాను. కొండ నీడ రోడ్డంతా కమ్ముకుని ఉంది. సూర్యుడు కనిపించడం లేదు. కొండ వెనక దాక్కున్నాడో, నిజంగానే పోయాడో కింద నుంచి తెలియదు. భాయ్ మోకాళ్ళు అప్పటికే బాగాలేవు.

"చూసి వస్తాను," అన్నాను. ఆయన ఖర్జూరాల పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆఫీసు బూట్లతో ఆ గుట్ట ఎక్కాను. రాళ్ళు జారుతుంటే చేతులు ఆనించుకుంటూ ఎక్కాను. పైన ఇంకా ఎండ ఉంది. పడమట సూర్యుడు అంచు తాకుతున్నాడు. రొప్పుతూ నిలబడి, అంచు కూడా పోయేదాకా చూశాను. పోయాక కూడా కాసేపు చూశాను. దిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"అయింది భాయ్."

ఆయన ఆకాశం వైపు చూడలేదు. "చేతులు చూపీ," అన్నారు.

చాపాను. మట్టి, ఒకచోట గీరుకుపోయిన రక్తం. ఆయన నవ్వి, ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

"నేను బయటికి పోలేదని మీకు ఆ రోజే తెలుసా భాయ్?"

"నీ చేతులు నల్లగా ఉండె కదబ్బా."

"మరి వాళ్ళంతా మిమ్మల్ని అంటుంటే చెప్పలేదేం?"

నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిచ్చారు. "నువ్వు అప్పుడు ఒంటిగాడివి. ఆ కథ చెప్తివనే కదా నిన్ను పక్కన కూచోబెట్టుకునిరి. నేను కాదంటే మళ్ళా ఒంటిగాడివి అయితావు."

"రేపు షెడ్డులో అందరికీ చెప్పేస్తాను."

"చెబుదువులే. ముందు తిను."

మర్నాడు షెడ్డులో షీటు పరిచారు. ఆయన చివర్లో కూర్చున్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. రేడియోలో అజాన్ వచ్చింది, చేతులన్నీ కదిలాయి. నేను నోరు తెరవలేదు. భాయ్ నావైపు చూడకుండానే, తన పళ్ళెంలోని ఖర్జూరాల్లో పెద్దది ఏరి నా ముందు పెట్టారు.