చింతమానుకు నయమైంది

రాయచోటి నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. కాళ్లు పీకుతున్నాయి.

అక్కడ ఓబులేసు అనే పెద్దాయన పొలం గట్టు మీద ఒక చింతమాను ఉంది. దాని బెరడుకు బూడిదరంగు పెచ్చులా అంటుకుని ఒక లైకెన్, అంటే నాచూ బూజూ కలిసి బతికే జీవి, పెరుగుతోంది. అది ఏ జాతిదో మూడేళ్లుగా తేల్చలేకపోతున్నాను. పెచ్చు మీద నల్లచుక్కల్లాంటి కాయలు వస్తే తప్ప పేరు చెప్పలేం. అందుకే నెలకోసారి వెళ్లి, భూతద్దంతో చూసి, స్కేలుతో కొలిచి, రంగు మారుతుందేమోనని అంచున ఒక చుక్క రసాయనం వేసి వస్తుంటాను. పోయిన నెల ఆ నల్లచుక్కలు మొదలయ్యాయి.

ఈ రోజు వెళ్లేసరికి మాను మొదలంతా తెల్లటి సున్నం, దాని పైన ఎర్రగా జాజు పట్టీ. ఓబులేసు నవ్వుతూ ఎదురొచ్చాడు.

“మూడేండ్ల నుంచి సుక్క సుక్క మందు పోస్తాండావు గదమ్మా, మానుకు తామర తగ్గకపాయె. నీ అగసాట్లు సూడలేక నేనే కొడవలితో గీకి సున్నం కొడితి. ఇప్పుడెట్లుండాది?”

తప్పు నాదే. అది రోగం కాదని ఇన్నేళ్లలో ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.

“శానా బాగుండాది పెద్దాయనా” అన్నాను. మజ్జిగ ఇచ్చాడు, తాగాను.

బస్సులో నోట్‌బుక్ తీశాను. జాతి పేరు రాయాల్సిన గడి ఎప్పటిలాగే ఖాళీ. పక్కన ‘ప్రస్తుత స్థితి’ గడి ఉంది. అందులో ఏం రాయాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి, దిద్దుకుంటాను. ప్రస్తుతానికైతే ‘నయమైంది’ అని రాశాను.