రెండోసారి పాడని పద్యం

ఎనిమిదో తరగతిలో నేను బడి వదిలేశానని ఇంట్లో అంటారు. బడే నన్ను వదిలించుకుందని మాస్టార్లు అనేవారు. ఏదైతేనేం, చదువు పోయి హార్మోనియం మిగిలింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల పద్యనాటకాలకి ముప్ఫై ఏళ్లు సంగీత దర్శకుణ్ణి. పోయినేడాది సినిమా దర్శకుణ్ణయ్యాను. ఎలా అయ్యానో నాకే సరిగ్గా తెలీదు. నాటకానికి జనం తగ్గారు, ఫోనులో కెమెరా ఉంది, ఎవరో "నువ్వే తీయొచ్చు కదా" అన్నారు. తీసేశాను.

మా నాటకాల్లో రాజు వేషం రిటైరైన రైలు గార్డుది. కాలనీ అంతటికీ మావయ్య. పద్యం పాడి, చెయ్యి గాల్లోనే ఉంచి ఆగేవాడు. నేను శ్రుతి వదిలేవాణ్ణి కాదు. జనం "వన్స్‌మోర్" అనేవారు. అప్పుడు మళ్లీ పాడేవాడు. అసలు పద్యం ఆ రెండోదే. రాగం ఎటు తిప్పుతాడో తెలిసేది కాదు, హార్మోనియంతో వెనకాల పరిగెత్తేవాణ్ణి.

ఆయన గొంతులో కాయ లేచింది. ఆపరేషనయ్యాక పాడగలడో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. ఆ గొంతు ఎక్కడో ఒకచోట మిగలాలని ఆపరేషన్‌కి ముందే షూటింగు పెట్టాను, సర్కండా వైపు అర్పా నది ఒడ్డున. మావయ్య పాడాడు, చెయ్యి లేపి ఆగాడు. నేను "కట్" అన్నాను.

"ఏట్రా, రెండోది వద్దేటి?"

"ఒక్క టేకులో ఓకే మావయ్యా! సినిమాలో వన్స్‌మోర్ ఎవడంటాడు?"

"అచ్ఛా," అన్నాడు. చెయ్యి మాత్రం వెంటనే దించలేదు. టేకు అనే మాట కొత్తగా నేర్చుకున్నాను, అది వాడిన సంబరంలో నాకు చెయ్యి కనబడలేదు.

వ్యాపార్ విహార్‌లో పెళ్లి వీడియోలు కూర్చే ఆయన ఆ చెయ్యి దగ్గర ఆపి, "ఖాలీ ఖడే హైఁ, కాట్ దూఁ?" అన్నాడు, ఊరికే నిలబడ్డారు, కోసెయ్యనా అని. తీసెయ్యమన్నాను.

ఆదివారం పొద్దున్న కాలనీ హాల్లో తెర కట్టాం. ఆపరేషనయి రెండు నెలలు. మావయ్య మెడకి మఫ్లరుతో ముందు వరసలో కూర్చున్నాడు, మాట గుసగుసలా వస్తోంది. తెర మీద పద్యం ముగిసింది.

"వన్స్‌మోర్!" అని హాలు అరిచింది.

రాజు అప్పటికే మంత్రితో మాట్లాడుతున్నాడు. మళ్లీ అరిచారు. ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. అదే పద్యం, అవే మలుపులు, దగ్గిన చోట అదే దగ్గు. చప్పట్లు సగంలో ఆగిపోయాయి.

మావయ్య నావైపు తిరిగాడు. "ఇది మొదటిదేరా. రెండోది ఏదీ?"

 మూలనున్న హార్మోనియం లాక్కొచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. రెండోసారి ఎటు వెళ్లేవాడో ఊహించి వాయించాను.

"అలాక్కాదురా. సినిమా తీసి నీ సేతులు రాగం మర్సిపోనాయి." వేలితో గాల్లో దారి గీశాడు. "పైకెల్లు. ఇంకా."

వెళ్లాను. తెర మీద మంత్రి మాట్లాడుతూనే ఉన్నాడు. జనం అటు చూడాలో ఇటు చూడాలో తెలీక మెడలు తిప్పుతున్నారు. చివర్లో మావయ్య చెయ్యి లేపి ఆగాడు. ఈసారి ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. అన్నా ఏం చెయ్యాలో నాకూ తెలీదు. శ్రుతి మాత్రం వదల్లేదు.