కింది షోకేసులో వైఫై డబ్బా

మా మామ బొగ్గు బావిలో పని చేసి రిటైరయ్యాక నస్పూర్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టించాడు. కింద ఆయన, మా బావ, అక్క ఉంటారు. బావ అంటే మా ఆయనకు అన్న. అక్క ఆయన భార్య, నా తోడికోడలు. పైన నేను, మా ఆయన. ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. నేను హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. ఆసుపత్రి బీమా గురించి జనం ఫోన్ చేసి అడిగితే కంప్యూటర్‌లో చూసి జవాబు చెప్పడం నా ఉద్యోగం. ఆ ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదే వస్తాయి. నెట్ పోతే నా గొంతు పోయినట్టే.

వైఫై పెట్టించిందే నా ఉద్యోగం కోసం. కానీ వైరు బిగించడానికి మనిషి వచ్చినప్పుడు నేను ట్రైనింగ్‌కు హైదరాబాద్ వెళ్లి ఉన్నాను. తిరిగొచ్చేసరికి కనెక్షన్ బావ పేరు మీద ఉంది. డబ్బా కింది హాల్లో, అద్దాల షోకేసులో, పింగాణీ బొమ్మల మధ్య కూర్చుని ఉంది. దుమ్ము పడకుండా అక్క దాని మీద లేసు గుడ్డ కూడా కప్పింది. షోకేసును ఆనుకుని ఇనుప బీరువా. పైన స్లాబు. ఆ స్లాబు మీద, ఇంటికి అవతలి మూలన నా గది.

మొదటి నెలలోనే తల పట్టుకున్నాను. ఒకామె మంచిర్యాల ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. భర్తను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతున్నారు, బీమా వర్తిస్తుందా లేదా చెప్పమంటోంది. వర్తిస్తుందని నేను చెబుతూనే ఉన్నాను. ఆమెకు వినపడటం లేదు. "హలో, మేడం, హలో" అంటూ ఏడుపు గొంతుతో అరిచి అరిచి పెట్టేసింది. నేను తిరిగి చేసేలోపు ఆ కాల్ ఇంకెవరికో పోయింది. నా పేరు మీద ఫిర్యాదు మాత్రం నిలిచిపోయింది.

కిందికి వెళ్లి బావను మర్యాదగానే అడిగాను. "బావా, గా డబ్బను మెట్ల కాడి గోడకు పెడదాం. పైకి కిందికి ఇద్దరికీ మంచిగొస్తది."

ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "గోడకు తూట్లు వేయనియ్య. గీ గోడలకు పొద్దుమాపు నీళ్లు కొట్టింది నేను. మాకు మంచిగనే వస్తుంది గద."

"మాకు" అనే మాటను ఆయన నొక్కి పలికిన తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు. గుమ్మంలో నిలబడే, చెప్పులు కూడా విప్పకుండా, "పెద్ద ప్లాన్ ఏసుకోండ్రి మేడం, ఫుల్లొస్తది" అన్నాడు. డబ్బా జరపమంటే, "సార్ చెప్పాలె. కనెక్షన్ సార్ పేరు మీదున్నది" అని బండెక్కాడు. నా గదిలోకి తొంగి కూడా చూడలేదు.

ఇక ఎవరినీ నమ్మదలచుకోలేదు. ఒక ఆదివారం బావ, అక్క బజారుకు పోయినప్పుడు మామను అడిగి కింది హాల్లోకి వెళ్లాను. ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా డబ్బాకు తగిలించాను. నెట్ ఉరుకుతోంది. తర్వాత ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మెట్ల మీద సిగ్నల్ నిండుగా ఉంది. పై హాల్లో సగానికి పడింది. నా గది గడప దాటగానే చచ్చిపోయింది. అంటే ప్లాన్‌లో లోపం లేదు. లోపమంతా షోకేసులో ఉంది. ఆ లేసు గుడ్డను తీసి విసిరికొడదామనిపించింది. మామ చూస్తున్నాడని ఊరుకున్నాను.

సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే చిన్న ఎక్స్‌టెండర్ ఒకటి తెప్పించి మెట్ల దగ్గరి ప్లగ్గులో పెట్టాను. కొన్నాళ్లు ప్రాణం తెరిపిన పడింది. ఒక పొద్దున కాల్ మధ్యలో మళ్లీ అంతా ఆగిపోయింది. దిగి చూస్తే ఎక్స్‌టెండర్ మెట్టు మీద పడి ఉంది. దాని చోట ఇస్త్రీ పెట్టె వైరు. అక్క అక్కడే దుప్పటి పరిచి బావ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఇంతకుముందు ఆమె మెట్ల దగ్గర ఇస్త్రీ చేయడం నేనెన్నడూ చూడలేదు.

"అక్కా, నేను పనిల ఉన్న. జర చెప్పి తియ్యరాదా?"

"నా ఇంట్ల ప్లగ్గు తీసుటానికి నీకు చెప్పాల్నా? గా కరెంటు మా మీటరుది."

"ఇంట్ల ఇంకో ప్లగ్గే లేదా?"

"ఉన్నది. నాకు గీడనే చేయబుద్ధైతుంది. ఏం చేస్తవ్?"

ఏం చేయగలను? ఎక్స్‌టెండర్ తీసుకుని పైకి వచ్చి, సగం సిగ్నలైనా అందుతుందని పై హాల్లోని ప్లగ్గులో పెట్టాను. హెడ్‌సెట్‌లో ఏ చప్పుడూ లేదు. ఆ కాల్ ఎప్పుడో తెగిపోయింది.

రాత్రి మా ఆయనకు చెబితే అన్నం కలుపుతూ, "అన్నతోని నేనేం మాట్లాడుత? నువ్వే జర సర్దుకో" అన్నాడు. ఈ ఇంట్లో ఆ మాట నాకు తప్ప ఇంకెవరికీ చెప్పడు.

అసలు దెబ్బ పెళ్లిళ్ల సీజన్‌లో తగిలింది. లక్సెట్టిపేటలో చుట్టాల పెళ్లికి బావ, అక్క, మామ పొద్దున్నే బయలుదేరారు. నాకు సెలవు దొరకలేదు, మా ఆయన డ్యూటీకి పోయాడు. పైగా ఆ రోజు మా సూపర్‌వైజర్ నా కాల్స్ వింటానని ముందే చెప్పింది. మొదటి కాల్ ఎత్తానో లేదో నెట్ పోయింది. పై మీటరు వేరు కాబట్టి నా గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కిందికి పరుగెత్తితే తలుపుకు తాళం, కిటికీలోంచి చూస్తే షోకేసులో డబ్బా లైట్లు ఆరిపోయి ఉన్నాయి. కింది మెయిన్ స్విచ్ బంద్ చేసి పోయారు.

నా గదిలో మొబైల్ సిగ్నల్ కూడా సరిగా ఉండదు. ల్యాప్‌టాప్, ఫోన్ పట్టుకుని డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఫోన్ నెట్‌తో పని మొదలుపెట్టాను. నీడ జరిగినకొద్దీ నేనూ జరిగాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది. డాబా అదిరింది. అవతల కస్టమర్ భయపడి, "ఏమైంది మేడం, ఏం పేలింది?" అంటున్నాడు. ఇదంతా సూపర్‌వైజర్ వింటూనే ఉంది. సాయంత్రం ఫోన్ చేసి, ఇంకోసారి ఇలా జరిగితే ఆఫీసుకు వచ్చి పని చేయాలని, లేదంటే మానుకోవచ్చని చెప్పింది. గొంతు ఎంతో మెత్తగా ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

వాళ్లు పెళ్లి నుంచి వచ్చేవరకు గేటు దగ్గరే నిలబడ్డాను.

"మెయిన్ ఎందుకు బంద్ చేసిండ్రు బావా?"

"ఇంట్ల ఎవ్వలు లేనప్పుడు బంద్ చెయ్యరా? షార్ట్ సర్క్యూట్ అయితే?"

"నేనున్న గద!"

"నువ్వు పైనున్నవ్. కింద ఎవ్వలు లేరు."

అక్క నవ్వు ఆపుకోవడానికి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూశాకే నిర్ణయించుకున్నాను. ఇక వాళ్లను ఏదీ అడగను.

పైకి వేరే కనెక్షన్ పెట్టించుకుంటానంటే మా ఆయన అడ్డం పడ్డాడు. "ఒక్క ఇంట్ల రెండు కనెక్షన్లేంది? నలుగురు నవ్వుతరు."

"ఇప్పటికే నవ్వుతుండ్రు. నీకు ఇనవస్తలేదా?" అన్నాను.

నా పేరు మీద, వేరే కంపెనీ కనెక్షన్ రాయించాను. వైరు లాగడానికి ఇద్దరు వచ్చారు. వీధి స్తంభం నుంచి వైరు కింది బాల్కనీ అంచు మీదుగానే పైకి రావాలి. బావ బనియన్ మీదే బయటికి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"నా బాల్కనీ మీదికెళ్లి వైరు పోవద్దు. దిగుండ్రి."

నేను పైనుంచి అరిచాను. ఆయన కిందినుంచి అరిచాడు. అక్క తోడు వచ్చింది. ఎదురింటివాళ్లు గేట్లు పట్టుకుని నిలబడ్డారు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఎంతకీ ఆగలేదు.

చివరికి మామ బయటికి వచ్చాడు. బావిలో ఏళ్ల తరబడి పని చేసి ఆయనకు వినికిడి తగ్గింది. ఆయనకు కూడా వినపడేంతగా అరుచుకున్నామన్నమాట.

"ఇల్లెవ్వని పేరు మీదున్నదిరా?" అని పెద్దకొడుకును అడిగాడు. "నేను సచ్చినంక పంచుకొని కొట్టుకోండ్రి. గీ లొల్లి నాతోని కాదు. గుంజుండ్రయ్యా వైరు." నా వైపు తల ఎత్తి, "నువ్వు గూడ నోరు మూసుకొని లోపలికి పో" అన్నాడు. నా మీద ప్రేమతో అన్నది కాదని నాకు తెలుసు. అయినా వైరు పైకి వచ్చింది.

డబ్బాను పై హాలు నడుమ గోడకు, చేతికందనంత ఎత్తున కొట్టించాను. గోడకు తూటు పడ్డ చప్పుడు కిందికి వినపడాలని తలుపులన్నీ తీసిపెట్టాను. అక్కడి నుంచి నా బల్ల దాకా గోడ వెంబడి వైరు వేయించి ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించాను. కరెంటు పోయినా ఆగకుండా డబ్బాకు చిన్న బ్యాటరీ పెట్టించాను. ఆ వారమంతా ఒక్క కాల్ కూడా తెగలేదు. సూపర్‌వైజర్ మళ్లీ ఫోన్ చేయలేదు.

కొన్ని నెలలకు కోతుల గుంపు మా వీధి మీద పడి కింది వాళ్ల వైరును తెంపేసింది. కేబుల్ వాళ్లు రేపు, ఎల్లుండి అంటూ తిప్పారు. అక్క పైకి వచ్చింది. నేను పెళ్లయి వచ్చాక ఆమె నా గడప తొక్కడం అదే మొదటిసారి కాబోలు.

"మీ వైఫై పాస్‌వర్డ్ చెప్పవా? బావకు మ్యాచ్ చూసుడున్నది."

"చెప్ప అక్కా."

ఇంకేమైనా అంటానేమో అని నిలబడింది. నేను హెడ్‌సెట్ పెట్టుకున్నాను.

మరుసటి రోజు ఫోన్‌లో చూస్తే నా వైఫై మీద బావ ఫోన్ ఉంది. పాస్‌వర్డ్ తెలిసింది నాకు, మా ఆయనకే. పాస్‌వర్డ్ మార్చేశాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఆయన ఫోన్ తీశాడు.

"నెట్ వస్తలేదేంది?"

"కిందికి పోయి చూడు. ఆడ వస్తదేమో."

రెండు రోజులు ఆయన డాబా ఎక్కి ఫోన్ నెట్‌తో సరిపెట్టుకున్నాడు. మూడో రోజు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. కొత్త పాస్‌వర్డ్ నేనే కొట్టి ఇచ్చాను. కొడుతున్నంతసేపు తెరకు అరచేయి అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఆ చేతిని చూశాడు.