పిలవలేని పేరు

పేరుకు నేను పేర్ల పండితుణ్ణి. నిజానికి సూరత్ పక్కన హజీరాలో ఒక కంపెనీ స్టోర్సులో బోల్టులూ నట్లూ చూసుకుని రిటైరైనవాణ్ణి. అయినా పర్వత్ పాటియాలోని మా చిన్న తెలుగు ప్రార్థన కూటంలో ఎవరికి పిల్లలు పుట్టినా పేరు కోసం నన్నే అడిగేవారు. బైబిలు పేర్లలో ఏది హీబ్రూది, ఏది ఈజిప్టుది అని వెతుక్కోవడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు. ఫీనెహాసు ఈజిప్టు మాట కావచ్చు, నల్లనివాడని అర్థం కావచ్చు. మిర్యాము హీబ్రూలో చేదు కావచ్చు, ఈజిప్టులో ప్రియమైనది కావచ్చు. ‘కావచ్చు’ తప్ప ఖాయంగా ఏదీ చెప్పిన పాపాన పోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు మా కూటంలోని ఒక పవర్‌లూమ్ కార్మికుడు ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి అతని భార్య నిండు చూలాలు. కొడుకు పుట్టాక, కూటం మూసి ఉండటంతో, పేరు పెట్టి ప్రార్థన చెయ్యమని నన్ను ఇంటికే పిలిచారు. మాస్కు వేసుకుని ఎడంగా కూర్చున్నాను. ఉయ్యాలకు అటు నాయనమ్మ, ఇటు తల్లి.

“పేరేముంది సారూ, నా కొడుకు పేరే. వాడే మళ్ల వచ్చిండు,” అంది నాయనమ్మ.

తల్లి తలెత్తలేదు. “మరి నేనెట్ల పిలవాలె అత్తమ్మా?”

ఆ ఇంట్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. బతికున్నన్నాళ్ళూ ఆమె అతన్ని “ఇగో, ఇంటున్నరా” అనే పిలిచింది. మనిషి పోయినంత మాత్రాన ఆ కట్టుబాటు పోలేదు.

“సూరత్‌ల పుట్టి పెరిగినదానివి, నీకు గీ పట్టింపులేందే?”

“మీరే నేర్పిండ్రు గదా. మామ పేరు మీరెప్పుడన్న అన్నరా?”

తల్లి నా వైపు తిరిగింది. “మోషే అని పెట్టుండ్రి సారూ. నోరారా పిలుసుకుంట. స్కూల్ల ఎట్లైనా ఈడోళ్ల లెక్క పేరెనక తండ్రి పేరు రాస్తరు. టీచర్ పిలుస్తది రోజూ.”

“మంచి పేరేనా సారూ? అర్థమేంది?” అని అడిగింది నాయనమ్మ.

అడిగితే చెప్పకుండా ఉండే జబ్బు నాకు లేదు. హీబ్రూలో అయితే నీళ్ళలోంచి తీయబడినవాడు అన్నాను. ఈజిప్టు మాటే అయితే ‘పుట్టినవాడు’. వాళ్ళు ముందు ఒక దేవుడి పేరు చేర్చి ఫలానావారికి పుట్టినవాడు అనేవారు. ఈ పేరులో ఆ ముందు ముక్క ఊడిపోయి ఉండవచ్చు అన్నాను.

“అంటే తండ్రి లేని పేరా?” అంది నాయనమ్మ.

“అయితే సరిగ్గనే ఉంది,” అంది తల్లి మెల్లగా.

ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. “వాని మొఖం సూపియ్యలే సారూ. పిడికెడు మట్టి గూడ ఎయ్యనియ్యలే. పేరన్న ఉంచుకోనియ్యిండ్రి.”

ఉయ్యాల ఆగిపోయింది. తల్లి బిడ్డను తీసి అత్త ఒళ్ళో పెట్టి, “అత్తమ్మ అన్న పేరే పెట్టుండ్రి సారూ,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ప్రార్థన చేసి, ఆ పేరు గట్టిగా పలికాను. నాయనమ్మ కొన్నాళ్ళు ఉయ్యాల ఊపుతూ ఆ పేరే పాడుకుందట. తరవాత ఆ పేరు గొంతు దాకా వస్తే చాలు, ఏడుపు ముందు వస్తోందని మానేసింది. ఇద్దరూ ‘చిన్నా’ అనే పిలవసాగారు.

కూటం తెరిచారు. పిల్లవాడికి నడక వచ్చింది. ఒక ఆదివారం అందరం పాట పాడుతుండగా వాడు తప్పటడుగులు వేసుకుంటూ మెట్ల వైపు వెళ్ళాడు. పడతాడని భయపడి, ఆ పేరు పలకడానికి నాకు అభ్యంతరమేమీ లేదు కనుక, వాడి పేరు పెట్టి కేక వేశాను. వాడు తిరగలేదు. అది తన పేరని వాడికి తెలియదు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం పాట ఆపేసి, ఒక్కసారిగా వీధి తలుపు వైపు చూశారు.