రెండు కాళ్ల క్యారెట్

నిన్న సాయంత్రం నారాయణగూడ మార్కెట్లో ఆకులతో ఉన్న క్యారెట్ కట్ట చేతిలోకి తీసుకున్నాను. ఆకు నలిగి, కాస్త కొత్తిమీరలా, కాస్త తడిమట్టిలా వాసన వచ్చింది. వెంటనే సులోచనక్క గుర్తొచ్చింది. చిక్కడపల్లిలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆమె. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఎవరేం చెప్పినా "చూద్దాం పా" అనేది. నాకేమో చూడకముందే తీర్పు చెప్పేసే అలవాటు. అయినా మా ఇద్దరికీ బాగా కుదిరింది.

నేనక్కడున్న రోజుల్లో ఒక ఏడు వాళ్ల తమ్ముడు మల్లేశం వికారాబాద్ దగ్గరున్న తన అరెకరంలో హైబ్రిడ్ క్యారెట్ వేయాలా వద్దా అని తేల్చుకోలేకపోయాడు. అంతకుముందు వేసిన టమాట చేతికి రాలేదు. ఇదీ పోతే భూమి కౌలుకిచ్చి పట్నంలో పని వెతుక్కుంటానన్నాడు. "ముందుగాల నా డాబా మీద ఏస్త. మంచిగొస్తెనే నువ్వు ఎయ్యి" అంది అక్క. అశోక్‌నగర్ షాపులో ప్యాకెట్ కొని, వానలు తగ్గగానే లోతైన టబ్బుల్లో గింజలు చల్లింది.

మొలకలు ఒత్తుగా వచ్చాయి. పలచన చేయమని ప్యాకెట్ మీద ఉంది. అక్క ఎక్కువైనవి పీకింది గానీ పారేయలేకపోయింది. వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి మరి. "నారు పారేస్తరా ఎవరన్న?" అంటూ వాటిని టబ్బుల అంచుల్లో ఖాళీ ఉన్నచోటల్లా నాటేసింది.

మల్లేశం వచ్చిన రోజు మొదటి టబ్బు పీకి కుప్ప పోశాం. కొన్ని నిటారుగా ఉన్నాయి. మిగతావాటికి రెండేసి, మూడేసి కాళ్లు. మల్లేశం ముఖం మాడిపోయింది. "ఇత్తనంలనే మోసమున్నదక్కా. ఇగ నాతోని గాదు" అన్నాడు. షాపువాణ్ణి నిలదీద్దామని నేను అప్పటికే చెప్పులు వేసుకున్నాను. అక్క మాత్రం రెండో టబ్బు ముందుకు లాక్కుని కూర్చుంది.

"జర ఆగుండ్రి. అన్నీ ఒక్క ప్యాకెట్‌యే గదా. కొన్ని సక్కగ, కొన్ని వంకర ఎందుకైనయ్?"

ఒక్కో క్యారెట్ పీకి, అది వచ్చిన గుంత పక్కనే పెట్టసాగింది. కాసేపటికి ఆమె చేతులు ఆగిపోయాయి. నడుమ పెరిగినవన్నీ నిటారు, అంచుల్లోవన్నీ వంకర.

"ఇత్తనం మంచిదే మల్లేశం. నేనే నారు లెక్క పీకి నాటిన. వేరు కొస అప్పుడే తెగింది. తప్పు నాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె సిగ్గుపడలేదు సరికదా, కారణం దొరికిందని ముఖం వెలిగిపోయింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది, కొంచెం అసూయ కూడా. మల్లేశం ఒక నిటారు క్యారెట్ తుడుచుకుని కొరికి, చాలాసేపు నమిలాడు. "అయితే ఏస్త" అన్నాడు. ఆ చలికాలమే చల్లాడు. ఇప్పటికీ ఆ అరెకరం అతనే దున్నుకుంటున్నాడు.

అక్క ఇప్పుడు లేదు. ఆఫీసులో ఏ పని చెడినా, నోటిదాకా వచ్చిన నింద మింగి, ముందు నా చెయ్యి ఎక్కడ పడిందో వెతుక్కుంటాను. అన్నిసార్లూ కుదరదు.

నిన్న కట్టలోంచి రెండు కాళ్లది ఒకటి పట్టుకుని చూస్తుంటే, అమ్మే ఆవిడ "గది వంకరున్నదక్కా, మంచిదిస్త" అని చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. మొలకప్పుడు ఎవరో దీన్ని కూడా పారేయలేకపోయి ఉంటారు.