నాకు బంతి ఇవ్వని కెప్టెన్

మా కాలేజీ ఫుట్‌బాల్ కెప్టెన్ పోయాడు. పెదవేగిలో పామాయిల్ తోట చూసుకుంటున్న మా పాత గోల్‌కీపర్ ఫోన్ చేసి చెప్పాడు. "పొద్దున్నే కాఫీ తాగుతూ కుర్చీలోనే వెళ్ళిపోయాడ్రా. చేతిలో గ్లాసు కూడా కింద పడలేదట." డెబ్బై మూడేళ్ళ వయసులో రోజుకు ఏడు మాత్రలు మింగే నాకు, ఆ మాట వినగానే ముందు కలిగింది దుఃఖం కాదు, అసూయ. అతని మీద ఆ అసూయ కొత్తదేమీ కాదు.

పెద్దకర్మ రోజున కొల్లేటి ఒడ్డున వాళ్ళ ఊరికి వెళ్ళాను. మైకు పట్టుకున్న ప్రతివాడూ అతన్ని మహా ఆటగాడన్నాడు. అందులో ఒక్కడూ మా ఆట చూసినవాడు కాదు. నిజం నేను చెబుతాను. తాడేపల్లిగూడెంలో మేం కలిసి ఆడిన రెండేళ్ళలో మా జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అదీ ఎదుటి జట్టు బస్సు దొరక్క రాలేదు గనక.

మా కాలేజీలో ఆటంటే బాల్ బ్యాడ్మింటన్, ఆ తరవాత క్రికెట్. వాటికి పోగా మిగిలిన జాగా మాది. కోతల కాలంలో అదీ ఉండేది కాదు, ధాన్యం ఆరబోసేవారు. "బాబాయ్, ఆ మూల కాస్త ఎగదోశారంటే ఒక గోలుపోస్టయినా దొరుకుద్దండీ," అని కెప్టెన్ బతిమాలేవాడు. రైతులు నవ్వి ఎగదోసేవారు. నేనడిగితే మాత్రం, "ఏం బాబూ, గింజలు తొక్కుదామనా?" అనేవారు. వాలీబాల్ వాళ్ళు విడిచేసిన బనియన్లే మాకు యూనిఫారం. ఇద్దరి వీపుల మీద నాలుగో నంబరే ఉండేది.

అతను వేసవిలో కొల్లేరు ఎండిపోయినప్పుడు, ఆ బీటలు వారిన నేల మీద ఆట నేర్చుకున్నవాడు. నేను అత్తిలి బడిపంతులుగారి అబ్బాయిని, లైబ్రరీ దాటి ఎరగను. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. వక్తృత్వం కప్పులన్నీ నావి. అయినా మెస్సులో వంటాయన అడక్కుండా రెండో గరిటె పప్పు వేసేది అతనికే.

"ఎవరూ చూడని ఆట ఎందుకురా?" అని ఒకసారి అడిగాను.

"చూసేవాళ్ళు లేకపోతే తిట్టేవాళ్ళూ ఉండర్రా," అన్నాడు సాక్సు ఆరేసుకుంటూ.

అంత తేలిగ్గా బతకడం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

పదకొండు పేర్లు లేకపోతే ప్రిన్సిపాల్ గారు ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టరు. పదిమందే దొరికారు. "నువ్వు నిలబడితే చాల్రా," అని నన్ను లాక్కెళ్ళాడు. రెండేళ్ళు నిలబడ్డాను. ఒక్కసారైనా నాకు బంతి ఇవ్వలేదు. అతను ఊరెళ్ళిన రోజుల్లో హాస్టలు వెనక గోడకేసి కొట్టి కొట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

ఏలూరులో మా చివరి మ్యాచ్. చెరో గోలు. ఆట ముగియబోతుండగా ఎదుటి గోల్‌కీపరూ ఇంకొకడూ ఢీకొని గోలు గీత మీదే పడిపోయారు. నేను గోలుకు నాలుగడుగుల దూరంలో ఒంటరిగా ఉన్నాను. "ఒరే, ఇటు! ఇటివ్వరా!" అని గొంతు చించుకున్నాను. అతను తల తిప్పి నన్ను చూశాడు. చూసి కూడా దూరం నుంచి తనే కొట్టాడు. బంతి స్తంభం పక్కనుంచి పోయింది. తరవాత వాళ్ళు గోలు వేసి గెలిచారు.

ఎందుకివ్వలేదని బతికుండగా అడగలేదు. అడిగితే ఆ బంతి నాకు కావలసి వచ్చిందని ఒప్పుకున్నట్టవుతుంది. యాభై మూడేళ్ళు గడిచాక, అందరూ భోజనాల్లో ఉండగా, అతని భార్యను అడిగాను.

"చెల్లెమ్మా, ఏలూరు మ్యాచ్ సంగతి ఎప్పుడైనా చెప్పాడా?"

"అయ్యో, చెప్పకేమండీ అన్నయ్యగారూ. పేపర్లో మీ ఉపన్యాసం సంగతి పడినప్పుడల్లా చెప్పేవారండీ. 'గోడకేసి కొట్టి బానే నేర్చుకున్నాడే వాడు. కానీ అక్కడ తప్పాడంటే జన్మంతా మర్చిపోలేడు. నేనైతే బస్సెక్కేలోపే మర్చిపోతాను. అందుకే ఇవ్వలేదు' అనేవారండీ."

నన్ను అడిగి తీసుకున్న నిర్ణయమా అది? గోలు తప్పే హక్కు కూడా నాకు లేదా? పైగా నేను కొట్టి ఉంటే గోలయ్యేదేమో. ఇవన్నీ ఆవిడతో అనలేక మజ్జిగ తాగి లేచాను. నన్ను అంత దగ్గరగా చూసినవాడు మా ఇంట్లో కూడా లేడు. అదీ నాకు మింగుడుపడలేదు.

ఆ మ్యాచ్ ఓడిన సాయంత్రం ఏలూరు నుంచి వస్తూ బస్సులో అతను నా పక్కనే కూర్చున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి పళ్ళు నూరుతున్నాను. దెందులూరు దాటకముందే అతనికి నిద్ర పట్టేసింది. మట్టి కొట్టుకున్న తల నా తెల్లచొక్కా భుజం మీదికి వాలింది. తోసేద్దామనే అనుకున్నాను. భుజం తిమ్మిరెక్కింది. గూడెం వచ్చేదాకా కదపలేదు.